లెన్సు మీద గీత ఎవరి కంటితో కొలవాలి?

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. తణుకు దగ్గర ముగ్గురు పనిచేసే చిన్న లెన్స్ యూనిట్ మీది. ఒక విదేశీ కొనుగోలుదారు డ్రాయింగ్‌లో ఉపరితలం గురించి "60-40" అని రాశాడు. ఇంకొకడు ఇంచుమించు అలాంటి లెన్సుకే "5/3×0.25" అని రాశాడు. ఇద్దరూ తమది అంతర్జాతీయంగా నడిచే ప్రమాణమే అంటున్నారు. ఈ ప్రమాణాలు ఎవరు రాస్తారు, ఎలా తయారవుతాయి, మనలాంటివాళ్ళ మాట అందులో చెల్లుతుందా, లేక వాళ్ళు రాసింది కళ్ళకద్దుకుని పాటించడమేనా అని అడిగారు. చివర్లో, ఉండి దగ్గర మీ నాన్నగారి రొయ్యల చెరువులో నీళ్ళ ఉప్పదనం కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటర్ మంచినీళ్ళకి కూడా 2, అంటే వెయ్యికి రెండు వంతుల ఉప్పు, చూపిస్తోందని ఒక మాట వేశారు. దాని సంగతీ చివర్లో చెబుతాను.

నేరుగా జవాబు. మాట చెల్లుతుందండి. ఆప్టిక్స్ ప్రమాణాలు రాసేది ఐఎస్ఓ, అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలోని 172వ సాంకేతిక సంఘం. మన దేశం తరఫున ఐఎస్ఓలో ఉండేది బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ. బీఐఎస్ ద్వారా మీరు ముసాయిదాల మీద వ్యాఖ్యలు పంపొచ్చు, అనుభవం చూపించగలిగితే దాని సంఘంలో సభ్యులుగానూ చేరొచ్చు. కాకపోతే "మాకిది కష్టం" అని రాస్తే అక్కడ ఎవరూ పట్టించుకోరు. "మీరు రాసిన పద్ధతితో మా ముగ్గురం ఒకే లెన్సుకి మూడు జవాబులు చెప్పాం, ఇదిగో పట్టిక" అని రాస్తే కూర్చుని చదువుతారు. ఇక మీ రెండు డ్రాయింగులూ ఒకదాన్నించి ఇంకోదానికి లెక్కగట్టి మార్చుకునే అంకెలు కావు. ఇంటర్నెట్‌లో దొరికే మార్పిడి పట్టికలు నమ్మి కొటేషన్ ఇవ్వకండి.

నా గురించి రెండు ముక్కలు. మాది కొత్తపేట దగ్గర. హైదరాబాద్‌లో లెన్సుల పనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉన్నాను, మొదటి ఎనిమిదేళ్ళు పాలిషింగ్, మిగతాదంతా ఇన్‌స్పెక్షన్. ఆఖరి తొమ్మిదేళ్ళు ప్రమాణాల సంఘం పనిలోనూ తిరిగాను. ఇప్పుడు ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటున్నాను. కాబట్టి కింద రాసేది ఎక్కువ భాగం చేతితో చేసిన అనుభవం.

ప్రమాణం అనగానే మనవాళ్ళకి ఒక అంకె గుర్తొస్తుంది. మన డెల్టాలో పుట్టినవాడికి ఆ అంకెతో ఎంత గొడవో విడమర్చి చెప్పక్కర్లేదు. ధాన్యంలో నెమ్ము 17 శాతం దాటకూడదు, అదీ రూలు. మా తమ్ముడు కళ్ళంలో ఆరబోసి, రైతు సేవా కేంద్రంలో చూపిస్తే 17 లోపే వచ్చింది. అదే ధాన్యం సాయంత్రానికి ఒక మిల్లు దగ్గర 19 అన్నారు. రూలు ఒకటే, అంకె ఒకటే. గింజలు బస్తా పైనుంచి తీశారా, అడుగునుంచి తీశారా? మీటరు ఏ రకం ధాన్యానికి సెట్ చేసి ఉంది? గింజ ఇంకా ఎండ వేడి మీద ఉందా? ఆ మీటరుని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? రూలులో ఉన్న 17 ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పదు. ఒకరి ముఖం ఒకరికి తెలియని ఇద్దరు, రెండు ఊళ్ళలో కూర్చుని, ఒకే వస్తువుని చూసి ఒకే జవాబు చెప్పగలిగేలా రాసినదాన్నే నేను ప్రమాణం అంటాను. అదే రొయ్యల కౌంట్ చూడండి. కిలోకి ఎన్ని తూగాయో లెక్కపెట్టడమే కాబట్టి, ఎవరు లెక్కపెట్టినా దాదాపు అదే వస్తుంది. లెన్సు మీద గీతకి అంత సుఖం లేదు.

గీత ఎలా చూస్తామో మీకు తెలుసు, చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. వెనకాల నల్లబట్ట, పక్కనుంచి లైటు. లెన్సుని అంచులు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పుతాం. ఏమీ కనపడదు. ఇంకొంచెం తిప్పితే ఒక కోణం దగ్గర సాలీడు దారంలాగా తళుక్కుమంటుంది. ఒక్క డిగ్రీ దాటితే మాయం. అది పెద్ద గీతా చిన్న గీతా? మీ లైటు బలాన్ని బట్టి, నల్లబట్ట ఎంత నలుపో దాన్ని బట్టి, పొద్దున్నించి ఎన్ని లెన్సులు చూశారో దాన్ని బట్టి జవాబు మారుతుంది. లెన్సు ఎవరు పాలిష్ చేశారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

ఇప్పుడు మీ 60-40 సంగతి. ఇది అమెరికా సైన్యం నుంచి వచ్చిన పద్ధతి. 1945లో కొడాక్‌లో పనిచేసే మెక్‌లియోడ్, షేర్‌వుడ్ అనే ఇద్దరు ఉపరితలం మీద లోపాలని ఎలా పేర్కొనాలో ప్రతిపాదిస్తూ ఒక వ్యాసం రాశారు. అది సైనిక ప్రమాణంలోకి వెళ్ళింది. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని పేరు మిల్-పీఆర్ఎఫ్-13830బి. రెండో అంకె, అంటే 40, గుంటకి సంబంధించింది. మిల్లీమీటరులో వందో వంతుల్లో గుంట వ్యాసం, అంటే 0.4 మిల్లీమీటర్లు. ఇందులో గొడవేమీ లేదు, మైక్రోస్కోప్ కింద పెడితే తేలిపోతుంది. మొదటి అంకె, 60, గీతకి సంబంధించింది. దీని దగ్గరే అందరూ బోల్తా పడతారు. అది మైక్రాన్లలో వెడల్పు కాదు. ఒక నమూనా గీత పక్కన పెట్టి చూస్తే దీని వెలుగు ఆ నమూనాని మించిందా లేదా, అంతే. అసలు ఆ అంకె వెడల్పా, వెలుగా అని దశాబ్దాలపాటు వాదులాడుకున్నారు. 1980లలో అమెరికా జాతీయ కొలతల సంస్థలో మాథ్యూ యంగ్ దీని మీద చాలా పనిచేసి, ఇది కంటికి కనిపించే తీరుకి సంబంధించిన ప్రమాణమే తప్ప గీత కొలతని చెప్పేది కాదని తేల్చారు.

రెండో డ్రాయింగ్‌లోది ఐఎస్ఓ 10110, ఏడో భాగం. ఆప్టికల్ డ్రాయింగులు ఎలా గీయాలో చెప్పే ప్రమాణం అది. కొత్తవాళ్ళు 5/3 చూసి భాగహారం అనుకుంటారు. మా దగ్గర చేరిన ఒక కుర్రాడు నిజంగానే 1.67 అని లెక్కగట్టి కార్డు మీద రాసుకున్నాడు. ఆ 5 ఒక కోడ్, ఉపరితల లోపాలు అని దాని అర్థం. 3/ అంటే ఉపరితల ఆకారం, 4/ అంటే సెంటరింగ్, 1/ అంటే గాజులో బుడగలు. 5 తర్వాత ఉన్న 3 ఎన్ని లోపాలు ఉండొచ్చో చెబుతుంది. 0.25 ఒక్కో లోపం పరిమాణం, అంటే దాని వైశాల్యానికి వర్గమూలం, మిల్లీమీటర్లలో. ఒక్కోటి 0.0625 చదరపు మిల్లీమీటర్లు, మూడు కలిపి 0.1875. ఆ మొత్తం మించకుండా చిన్నవి ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. ఒక మెట్టు కిందకి, అంటే 0.16 కి దిగితే రెండున్నర రెట్లు, అంటే ఏడు దాకా ఒప్పుకుంటారు.

పోల్చి చూడండి. 40 నంబరు గుంట గుండ్రంగా ఉందనుకుంటే వైశాల్యం 0.126, వర్గమూలం 0.35. కాబట్టి గుంటల వరకూ ఏదో ఒక లెక్క కట్టొచ్చు. గీతకి కట్టలేరు. ఒకచోట అడుగుతున్నది వెలుగు, ఇంకోచోట అడుగుతున్నది వైశాల్యం. సన్నగా ఉండి అంచులు పదునైన గీత బాగా మెరుస్తుంది, వెడల్పుగా ఉండి అంచులు అరిగిన గీత మసకగా కనపడుతుంది. మొదటిది 60-40 లో పోతుంది, రెండోది 5/ లో పోతుంది.

ఒకసారి నాకే జరిగింది. ఒక బయటి దేశపు కొనుగోలుదారు మా లాట్‌లో సగానికి పైగా వెనక్కి పంపాడు. మేము మామూలు బల్బుతో చూసి పాస్ చేశాం. వాళ్ళు బాగా ప్రకాశవంతమైన ఎల్ఈడీతో చూసి రిజెక్ట్ చేశారు. రెండువైపులా ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆర్డర్‌లో "60-40" అన్న ఒక్క ముక్క తప్ప ఏ లైటు, ఎంత దూరం, ఏ నమూనాతో పోల్చాలి అన్నది లేదు. మూడు వారాలు ఈమెయిళ్ళు నడిచాయి. చివరికి వాళ్ళ దగ్గరున్న నమూనా గీతల పలకా, మా దగ్గరున్నదీ పక్కపక్కన పెట్టి ఫోటో తీస్తే రెండింటిలో 60 నంబరు గీతలు ఒక్కలా మెరవడం లేదు. ఆ రోజు నుంచి ఆర్డర్ ఒప్పుకునే ముందు రెండు హద్దు లెన్సులు, ఒకటి పాస్ అయ్యేది, ఒకటి కానిది, ఇద్దరూ సంతకం పెట్టి దాచుకోవాలని పట్టుబట్టేవాణ్ణి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఇవి ఎలా తయారవుతాయి అన్నది.

172వ సంఘం 1978లో ఏర్పడింది. దాని కార్యాలయం పని జర్మనీ ప్రమాణాల సంస్థ డీఐఎన్ చూస్తుంది. కింద ఉపసంఘాలు ఉంటాయి. మూల ప్రమాణాలకి ఒకటి, గాజు పదార్థాలకీ భాగాలకీ ఒకటి, సర్వే పరికరాలకి ఒకటి, కళ్ళద్దాలకి ఒకటి, లేజర్లకి ఒకటి, ఇలా. నిజంగా కలం పట్టి రాసేది ఆ ఉపసంఘాల కింద ఉండే చిన్న బృందాలు. అక్కడ కూర్చునే నిపుణుల్ని దేశాలే పంపుతాయి గానీ, లోపల మాట్లాడేది సొంత నైపుణ్యం మీద, దేశం తరఫున కాదు. దేశం తరఫున ఓటు వేసేది పైమెట్టులో, దేశానికి ఒక్క ఓటు.

మెట్లు ఇలా ఉంటాయి. ముందు ఎవరో ఒక దేశం కొత్త పని ప్రతిపాదిస్తుంది. ఓటు వేసిన సభ్య దేశాల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి, ఊరికే ఒప్పుకుంటే చాలదు, సంఘం పరిమాణాన్ని బట్టి కనీసం నాలుగో ఐదో దేశాలు "మా మనిషిని పంపుతాం" అనాలి. ఆ తర్వాత బృందం ముసాయిదా, సంఘం ముసాయిదా, ఆపైన అంతర్జాతీయ ప్రమాణ ముసాయిదా. ఈ చివరిదాని మీద పన్నెండు వారాలు ఓటింగు. నెగ్గాలంటే ఓటేసిన సభ్య దేశాల్లో మూడింట రెండు వంతులు అవుననాలి, మొత్తం ఓట్లలో కాదన్నవి పావు వంతు మించకూడదు. మొత్తం రెండు మూడేళ్ళ పని. అచ్చయిన తర్వాత కూడా ఐదేళ్ళకోసారి బయటికి తీసి, ఉంచాలా, మార్చాలా, పక్కన పడేయాలా అని అడుగుతారు.

అక్కడ ఏకాభిప్రాయం అనే మాటకి ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. అందరూ చేతులెత్తాలని కాదు. ముఖ్యమైన విషయంలో ముఖ్యమైన పక్షం ఏదీ పట్టువిడవకుండా కాదనకూడదు. మన ఊరి రచ్చబండ దగ్గర కాలవ వంతుల పంచాయితీ ఇంతే. అందరికీ నచ్చే తీర్పు ఉండదు, పొద్దున్నే లేచి గట్టు తెంపేవాడు ఉండకపోతే చాలు.

మీ రెండు డ్రాయింగులకీ దీనికీ సంబంధం ఉంది. ఐరోపా వాళ్ళు కొలిచి చెప్పే పద్ధతి వైపు, అమెరికా వాళ్ళు చూసి చెప్పే పద్ధతి వైపు. కొలిచే పద్ధతిలో వాదన తక్కువ, కానీ ప్రతి లోపాన్నీ మైక్రోస్కోప్ కింద పెట్టాలంటే రోజుకి ఎన్ని లెన్సులు తెములుతాయి? చూసే పద్ధతిలో అరనిమిషంలో లెన్సు చేతులు మారుతుంది, కానీ చూసేవాడి మీద ఆధారం. ఏళ్ళ తరబడి ఒకరి మాట ఒకరు వినలేదు. చివరికి 2017లో వచ్చిన సవరణలో ఐఎస్ఓ 10110-7 రెండు దారులకీ చోటిచ్చింది. దాంతోపాటే, ఆ లోపాల్ని ఎలా పరీక్షించాలో చెప్పే ఐఎస్ఓ 14997 కూడా అదే ఏడాది మారింది. ఒక ప్రమాణంలో రెండు పద్ధతులు ఉండటం చాలామంది పెద్దలకి నచ్చలేదు. నాకైతే అదే సరైన పని అనిపించింది. సగం ప్రపంచం పక్కన పెట్టేసే శుద్ధమైన ప్రమాణం కంటే, "ఏ పద్ధతో డ్రాయింగ్‌లో రాయండి" అని అడిగే అశుద్ధమైన ప్రమాణం పనికొస్తుంది.

సమావేశాల్లో ఏం మాట్లాడుకుంటారని చాలామంది అడుగుతారు. పెద్ద పెద్ద సిద్ధాంతాలేమీ కాదు. ఐఎస్ఓ భాషలో "చేయాలి", "చేయడం మంచిది", "చేయవచ్చు" అనే మూడు మాటలకి మూడు వేరు వేరు బరువులు. మొదటిది రాస్తే చేయనివాడు ప్రమాణం తప్పినట్టే. రెండోది సలహా. ఒక మధ్యాహ్నం పూర్తిగా, లెన్సు తుడిచిన తర్వాతే చూడాలా, తుడిచి చూడటం మంచిదా అన్నదాని మీద నడిచింది. నవ్వొస్తుంది కదా. తుడవకుండా చూస్తే దుమ్ము గుంటలాగా కనపడుతుంది, తుడిస్తే కొత్త గీత పడే ప్రమాదం. తుడవాలి అని రాస్తే, ఆ గీత ఎవరి ఖాతాలో పడుతుంది? టీ చల్లారిపోయింది గానీ ఎవరూ లేవలేదు.

ఇక మీరు వ్యాఖ్య పంపే పద్ధతి. దానికో పట్టిక ఉంటుంది. ఏ క్లాజు, ఏ పేరా, మీ వ్యాఖ్య సాధారణమైనదా, సాంకేతికమైనదా, భాషకి సంబంధించినదా, ఏమిటి అభ్యంతరం, బదులుగా ఏం రాయమంటారు అనే గళ్ళు. ఆఖరి గడిలో సంఘం జవాబు రాస్తుంది. నా మొదటి వ్యాఖ్యలో "ఈ పరీక్ష చిన్న యూనిట్లకి భారం" అని రాసి, బదులుగా రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాను. జవాబు ఒక్క మాట, "గమనించాం". మన దగ్గర అర్జీ పెట్టుకుంటే "పరిశీలిస్తాం" అన్నట్టే. రెండోసారి వేరే ముసాయిదాలో తనిఖీ గది ఉష్ణోగ్రత గురించి ఒక క్లాజు ఉంటే, మా గదిలో తీసిన కొలతలు జతచేసి, మార్చాల్సిన వాక్యం కూడా నేనే రాసి పంపాను. "పాక్షికంగా అంగీకరించాం" అని వచ్చింది. నా వాక్యంలో సగం పోయింది, సగం నిలిచింది. ఆ సగం చూసుకుని మా ఆవిడకి ఫోన్ చేశాను.

అందుకని మీరు చేయగలిగిన పెద్ద పని మీ దగ్గరే ఒక చిన్న పోలిక పరీక్ష చేయడం. పన్నెండు లెన్సులు తీసుకోండి. కొన్ని స్పష్టంగా మంచివి, కొన్ని స్పష్టంగా చెడ్డవి, ఎక్కువ భాగం మధ్యరకం. వాటికి నంబర్లు కవరు మీద వేయండి, లెన్సు మీద కాదు. మీ ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోకుండా చూసి రాయండి. మర్నాడు వరస మార్చి మళ్ళీ చూడండి. నిన్నటి మీతో ఇవాళ్టి మీరు ఎన్నిసార్లు ఏకీభవించారు, అది ఒక లెక్క. మీరు మిగతా ఇద్దరితో ఎన్నిసార్లు ఏకీభవించారు, అది ఇంకో లెక్క. ఐఎస్ఓ 5725 అనే ప్రమాణం కొలత పద్ధతుల విషయంలో ఈ రెంటినీ వేరువేరుగా చూడమంటుంది. మేము మొదటిసారి చేసినప్పుడు నా మీద నాకున్న నమ్మకం కాస్త దెబ్బతింది. పన్నెండులో మూడింటికి నేను నాతోనే విభేదించాను, మూడూ మధ్యాహ్నం భోజనం తర్వాత చూసినవే. ఒక పరీక్ష పద్ధతిని ప్రమాణంగా రాసే ముందు పెద్ద పెద్ద ల్యాబులు కూడా ఇదే చేస్తాయి, ఒకే నమూనాని దేశం నుంచి దేశానికి తిప్పి.

ఆకారం కొలత దగ్గరా ఇలాంటి చిక్కులే. కొనుగోలుదారు "ఒక ఫ్రింజ్ లోపు" అంటాడు. ఏ వెలుగులో? ఐఎస్ఓ లెక్క ఆకుపచ్చ పాదరసం వెలుగు, దాని తరంగదైర్ఘ్యం 546.07 నానోమీటర్లు. ఇంటర్ఫెరోమీటర్లలో, అంటే వెలుగు తరంగాలతో ఆకారం కొలిచే పరికరాల్లో, ఎక్కువగా ఉండేది ఎర్రటి హీలియం-నియాన్ లేజర్, 632.8. ఫ్రింజ్ అంటే ఆ తరంగదైర్ఘ్యంలో సగం. అంటే ఒకచోట 273, ఇంకోచోట 316 నానోమీటర్లు. 300 నానోమీటర్ల తప్పున్న ఉపరితలం ఎర్ర వెలుగులో పాస్, పచ్చ వెలుగులో ఫెయిల్. లెన్సు అదే, తప్పు అదే. అందుకే డ్రాయింగ్‌లో నానోమీటర్లలో రాయమని అడగండి, గొడవ ఉండదు.

మన వాతావరణం గురించి ఒక మాట. కొలతలకి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు అని ఐఎస్ఓ 1 చెబుతుంది. మే నెలలో తణుకులో కరెంటు పోతే గది ఎంతకి వెళ్తుందో మీకు తెలుసు. లెన్సులకి మామూలుగా వాడే బీకే7 గాజు 100 మిల్లీమీటర్లది 14 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 10 మైక్రాన్లు సాగుతుంది. గాజంతా ఒకేలా సాగితే ఆకారానికి పెద్ద నష్టం లేదు. నష్టం ఒకవైపే వేడెక్కినప్పుడు. చేత్తో పట్టుకుని టెస్ట్ ప్లేటు, అంటే ఆకారం సరిచూసే నమూనా గాజు, మీద పెట్టిన లెన్సుని చూడండి, పచ్చ నలుపు వలయాలు బతికున్న పురుగుల్లా కదులుతుంటాయి. అవి కదలడం ఆగేదాకా పెన్ను తీయకండి. నేనైతే పక్కన పెట్టి ఇంకో పని చూసుకుని వచ్చేవాణ్ణి.

డెల్టాలో దీనికి తోడు తేమ, ఉప్పుగాలి. అంతర్వేది వైపు పాత బైనాక్యులర్లు తెరిస్తే లెన్సు మీద సాలెగూడు లాంటి బూజు కనపడుతుంది. బూజు వదిలిన ఆమ్లం కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. దీనికీ పరీక్ష పద్ధతి ఉంది. ఐఎస్ఓ 9022 వరసలో రెండో భాగం వేడి, చలి, తేమకి, నాలుగో భాగం ఉప్పు తుంపరకి, పదకొండో భాగం బూజుకి. కోటింగుల మన్నికకి వేరే ఐఎస్ఓ 9211 ఉంది. ఇలాంటి పద్ధతుల్లో మనలాంటి ప్రాంతాల అనుభవం పనికొస్తుంది. చలిదేశంలో బూజు పెంచాలంటే పెట్టె కావాలి, మనకి ఆగస్టులో బీరువా చాలు.

సామాన్యుడి చేతికి అందేలా రాసిన ప్రమాణానికి ఉదాహరణ అడిగితే ఐఎస్ఓ 17123 చెబుతాను. లెవెల్, థియోడొలైట్ లాంటి సర్వే పరికరాల్ని పొలంలోనే, ప్రత్యేక సామగ్రి లేకుండా పరీక్షించుకునే పద్ధతులు అందులో ఉన్నాయి. త్వరగా చేసేది ఒకటి, పూర్తిగా చేసేది ఒకటి. మన కాలవలకి వాలు ఎంత తక్కువో ఆలోచించండి. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నీళ్ళు తమంతట తాము నడవాలంటే లెవెల్ పరికరంలో చిన్న తప్పు కూడా శివారు పొలానికి తగులుతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన రోజుల్లో ఈ కాగితాలేవీ లేవు, అయినా లెవెల్ తప్పితే నీళ్ళే చెప్పేవి.

కొన్ని హెచ్చరికలు చెప్పకపోతే తప్పవుతుంది.

ప్రమాణం దానంతట అది చట్టం కాదు. ఒప్పందంలోనో, ప్రభుత్వ ఉత్తర్వులోనో దాని పేరు రాస్తేనే మిమ్మల్ని కట్టేస్తుంది. రాసేటప్పుడు సంవత్సరం కూడా రాయాలి. 10110-7 అని ఊరికే రాస్తే 1996దా, 2008దా, 2017దా అన్న వాదన వస్తుంది.

ఐఎస్ఓ పత్రాలు ఖరీదు. బీఐఎస్ సొంత ప్రమాణాలు ఇప్పుడు ఉచితంగా దింపుకోవచ్చు. ఐఎస్ఓవి కొనే ముందు బీఐఎస్ వాటిని ఐఎస్/ఐఎస్ఓ పేరుతో స్వీకరించిందేమో చూడండి. అలా దొరికితే ధరలో చాలా తేడా ఉంటుంది.

బల్లల చుట్టూ ఎక్కువగా కూర్చునేది పెద్ద కంపెనీల మనుషులే. ప్రయాణం ఖర్చులు వాళ్ళవాళ్ళ కంపెనీలు పెట్టుకుంటాయి కాబట్టి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ దగ్గరున్న యంత్రమే అందరి దగ్గరా ఉందనుకుంటారు. ఇప్పుడు చాలా సమావేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి, అదొక్కటీ మనకి కలిసొచ్చింది. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకండి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. అక్కడ జపాన్ వాళ్ళు, జర్మన్లు కూడా మనలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు, పట్టిక మాత్రం శుభ్రంగా ఉంటుంది.

ఒకే పరీక్షని నమ్ముకోకండి. హబుల్ టెలిస్కోప్ అద్దాన్ని పరీక్షించిన పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉంది. దాన్ని నమ్మి అద్దాన్ని అతి నిక్కచ్చిగా తప్పు ఆకారానికి పాలిష్ చేశారు. వేరే పరీక్షలు తప్పుందని చెప్పినా అవే తప్పని కొట్టిపారేశారు. 1990లో పైకి వెళ్ళాక గానీ తెలియలేదు.

మీ రెండు డ్రాయింగుల విషయంలో రేపే చేయాల్సింది ఇది. 60-40 అన్నాయనకి రాయండి: ఏ ప్రమాణం, ఏ సంవత్సరం, ఏ నమూనా గీతలతో పోల్చాలి, లైటూ దూరమూ ఏమిటి. అన్నట్టు ఆ సైనిక ప్రమాణంలో గరిష్ఠ సైజు గీతల మొత్తం పొడవు లెన్సు వ్యాసంలో పావు వంతు మించకూడదని ఉంది, అది మర్చిపోయి "ఒక్క గీతే కదా" అనుకుంటారు. 5/3×0.25 అన్నాయన్ని, పొడవాటి గీతలకి విడిగా హద్దు ఉందా, అంచు పెచ్చులకి ఉందా అని అడగండి. డ్రాయింగ్‌లో ఎల్ (L) అనో ఈ (E) అనో ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అవే అవి. ఇద్దరి దగ్గరా హద్దు నమూనాలు అడగండి. సిగ్గుపడకండి, అడిగేవాడినే పని తెలిసినవాడు అనుకుంటారు.

ఇక నాన్నగారి రిఫ్రాక్టోమీటర్. అది పాడైందని వెంటనే అనుకోవద్దు. ముందు ప్రిజం మీద ఎండిన ఉప్పు పొర ఉందేమో చూసి, మంచినీళ్ళతో కడిగి మెత్తటి బట్టతో అద్దండి, రుద్దొద్దు. తర్వాత డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి మూత మూయండి, బుడగలు ఉండకూడదు. అరనిమిషం ఆగి వెలుగువైపు చూస్తే గీత సున్నా మీద ఉండాలి. లేకపోతే పైనున్న స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పి సున్నాకి తేవాలి. డిస్టిల్డ్ దొరక్కపోతే ఆర్ఓ క్యాను నీళ్ళు చాలు. లీటరుకి వంద మిల్లీగ్రాముల ఉప్పున్నా అది 0.1 మాత్రమే, స్కేలు మీద ఒక గీత 1. బోరునీళ్ళు మాత్రం వద్దు. ఆ చుట్టుపక్కల బోరులో నిజంగానే 2 ఉండొచ్చు, అప్పుడు పరికరం చెబుతున్నది నిజమే. ఇంకోటి, ఈ పరికరాల్లో వేడిని సరిచేసుకునే ఏర్పాటు ఎక్కువ వాటిలో 10 నుంచి 30 డిగ్రీల దాకానే పనిచేస్తుంది. గట్టు మీద మధ్యాహ్నం ఎండలో పెట్టి చూస్తే దాని లెక్క తప్పుతుంది. పొద్దున్నే, షెడ్డు నీడలో చూడమనండి. చూసిన ప్రతిసారీ టైము కూడా పుస్తకంలో రాయమనండి. అప్పటికీ 2 దగ్గరే ఉంటే ప్రిజం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, అతుకు ఊడిందేమో చూసి చెబుతాను.